టీవీ వారంటీ సర్వీసు: 17వ నెలలో ఆరిపోయింది, 46 రోజులకి వెలిగింది

ముందే చెప్పేస్తున్నాను, ఇది టీవీ మీద రివ్యూ కాదు. టీవీకేం, బొమ్మ బాగుంటుంది, సౌండు పరవాలేదు. ఇది ఆ టీవీ డబ్బాలో అడుగున పడి ఉండే మడత కాగితం గురించి, అదే వారంటీ కార్డు గురించి, దాన్ని పట్టుకుని నేను తిరిగిన తిరుగుడు గురించి. కంపెనీ పేరు రాయను. రాస్తే "మా ఇంట్లోనూ అదే, ఏ తేడా లేదే" అని నలుగురు బయల్దేరతారు, అసలు సంగతి పక్కకి పోతుంది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు మీద ఉన్న ఊరు. కోర్టు దగ్గర జిరాక్స్ షాపు నడుపుతాను. అంటే రోజంతా ఊళ్లో వాళ్ల కాగితాలు నా చేతుల మీదుగానే పోతాయి, అందరికీ "రెండు కాపీలు తీసి దాచుకోండి బాబూ" అని చెప్పేది నేనే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు నవ్వుకోవడానికి పనికొస్తుంది.

2023 దసరాకి శ్రీకాకుళంలో ఒక పెద్ద షాపులో 43 అంగుళాల టీవీ కొన్నాం. ఇక్కడే కొనొచ్చు, బరంపురంలో కొనొచ్చు, కానీ సరిహద్దుకి అటు, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉండే మా బావగారికి ఆ షాపులో తెలిసినవాళ్లున్నారు, రెండు వేలు తగ్గిస్తారన్నారు. 31,490 రూపాయలు. అప్పట్లో 32 అంగుళాలు దాటితే జీఎస్టీ 28 శాతం, అంటే అందులో దాదాపు 6,900 పన్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18కి దిగింది, ఇప్పుడైతే అదే టీవీకి దగ్గర దగ్గర రెండున్నర వేలు మిగిలేవి. సరే, దాని మీద ఏడ్చి లాభం లేదు. వారంటీ అడిగితే షాపు అబ్బాయి "ఒక ఏడాది మొత్తానికి, ప్యానెల్‌కి ఇంకో ఏడాది ఎక్స్‌ట్రా మేడమ్" అన్నాడు. ప్యానెల్ అంటే ఏమిటని నేను అడగలేదు. మీరు అడుగుతారా?

2025 మార్చి 9, ఆదివారం. ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, న్యూజిలాండ్ మీద. రోహిత్ మంచి ఊపు మీదున్నాడు, మా మరిది, వాడి స్నేహితులు ముగ్గురు, మా అత్తమ్మ, అందరూ టీవీ ముందే. ఉన్నట్టుండి తెర నల్లబడింది. మాట మాత్రం వస్తోంది. కామెంటరీ వినిపిస్తోంది, జనం అరుపులు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. రిమోటు నొక్కాం, ప్లగ్గు పీకి పెట్టాం, వెనక రెండు దెబ్బలు కూడా వేశాడు మా మరిది. ఆఖరికి మనవాళ్లు గెలవడం నలుగురూ ఒక చిన్న ఫోన్ మీదకి వంగి చూశారు.

మర్నాడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నా సిమ్ము ఆంధ్రాది కాబట్టి తెలుగమ్మాయే ఎత్తింది, మర్యాదగా మాట్లాడింది. పిన్ కోడ్ చెప్పండి అంది. 761తో మొదలయ్యే మా పిన్ కోడ్ చెప్పగానే "మేడమ్, మీ కంప్లైంట్ బరంపురం సర్వీస్ పార్ట్‌నర్‌కి వెళ్తుంది" అంది. బరంపురం మాకు బస్సులో మూడు గంటల పైన. పాతపట్నం ఆటోలో పావుగంట, అక్కడి నుంచి టెక్కలి, శ్రీకాకుళం. టీవీ కొన్నది ఆ వైపు, బిల్లు ఆ వైపు, కానీ కంపెనీ కంప్యూటర్‌కి ఇవేవీ కనబడవు, పిన్ కోడ్ ఒక్కటే కనబడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరికీ పాతపట్నానికీ మధ్య ఒక గీత పడింది. అన్నం, చుట్టరికాలు, సంత ఎప్పుడూ ఆ గీతని లెక్కచేయలేదు. సర్వీస్ సెంటరు లెక్కచేసింది.

మూడు రోజుల తర్వాత బరంపురం నుంచి ఫోన్ వచ్చింది. ఒడియా అబ్బాయి, నేనూ ఒడియాలోనే మాట్లాడాను, భాష దగ్గర ఏ ఇబ్బందీ లేదు. "ఆగ్యా, రేపో ఎల్లుండో మీ రూట్‌లో వస్తున్నాం, మీకు ఒక ఓటీపీ వచ్చింది చూడండి, అది చెబితే విజిట్ కన్ఫర్మ్ అవుతుంది" అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాలు కాలేదు, మెసేజ్ వచ్చింది: మీ కంప్లైంట్ విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవలు ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. నేను షాపులో ఎవరిదో భూమి పట్టా కాపీ తీస్తూ నిలబడి ఉన్నాను, ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆ ఓటీపీ పని అయిపోయాక కస్టమర్ చెప్పాల్సింది. కంప్లైంట్ ఇన్ని గంటల్లో మూయాలని వాళ్లకి పైనుంచి లెక్క ఉంటుంది, ఆ లెక్క తప్పకుండా ముందే మూసేస్తారు, తర్వాత వీలున్నప్పుడు వస్తారు, లేదా రారు. మా వాళ్లు రాలేదు. రెండోసారి కంప్లైంట్ పెడితే ఈసారి ఓటీపీ చెప్పలేదు, దాంతో "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి మూశారు. నేను అందుబాటులో లేకపోవడమేమిటి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా జిరాక్స్ మిషను పక్కనుంచి కదలని మనిషిని!

ఇంతలో ఇంకో ముచ్చట. కంప్లైంట్‌కి బిల్లు ఫోటో కావాలన్నారు. బీరువాలోంచి తీశాను. తెల్ల కాగితం. షాపులో మిషను మీద కొట్టిచ్చే ఆ నున్నటి కాగితం వేడికి రాసే రకం, ఏడాది తిరిగేసరికి అక్షరాలు వెలిసిపోతాయని నాకు తెలుసు, పదిమందికి చెప్పి వాళ్ల బిల్లులకి కాపీలు తీసిచ్చిన దాన్ని, నా బిల్లుకి తీసుకోలేదు. ఇప్పుడు నవ్వుకోండి. ఇక్కడ ఆ శ్రీకాకుళం షాపు వాళ్లని మెచ్చుకోవాలి, ఫోన్ చేసి కొన్నప్పటి మొబైల్ నంబరు చెబితే పది నిమిషాల్లో బిల్లు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపారు, సీరియల్ నంబరుతో సహా. పెద్ద కష్టమేమీ కాదు, కానీ విసుక్కోకుండా చేశారు.

మార్చి 22న మా బావగారు ఫోన్ చేసి "ఎందుకమ్మా బరంపురం వాళ్ల కోసం కూర్చోవడం, మా ఇంటి అడ్రసు మీద పెట్టు, టీవీ ఇక్కడికి తెచ్చెయ్యి" అన్నారు. కొత్తగా 532 పిన్ కోడ్‌తో కంప్లైంట్ పెట్టాం. టీవీకి రెండు దుప్పట్లు చుట్టి ఆటోలో నిలబెట్టి, నేనొక పక్క మా మరిది ఒక పక్క పట్టుకుని, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్లాం. పడుకోబెట్టకూడదండోయ్, తెర పగులుద్ది, పగిలిందంటే ఆ మాట మీదే వారంటీ పోతుంది. దారిలో గోతి వచ్చినప్పుడల్లా నా గుండె ఝల్లుమంది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి "ఏటమ్మా, సీరియలు అయిపోనాక తెత్తారేటి?" అన్నారు. అప్పటికే పదమూడు రోజులుగా ఆవిడకి కథ తెగిపోయింది, పక్కింటావిడ చెబితే వింటున్నారు, ఆవిడ సగం తనే కల్పించి చెబుతోందని అనుమానం.

మూడో రోజుకి ఇంజనీరు వచ్చాడు. టెక్కలి వైపు కుర్రాడు, పాతికేళ్లుంటాయి, బండి మీద వీపుకి సంచీ. ఇంజనీరు అని వాళ్లే అంటారు, మనం మెకానిక్ అంటే పోయేదేమీ లేదు గానీ ఆ అబ్బాయి నిజంగా ఇంజనీరే. టీవీ ఆన్ చేసి, గదిలో లైటు ఆపమన్నాడు, కిటికీ మూయమన్నాడు. ఫోన్ టార్చి వెలిగించి తెరకి దగ్గరగా, కొంచెం వాలుగా పట్టి "ఇలా రండక్కా, చూడండి" అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆ టార్చి గుండ్రం పడిన మేర, నల్లటి తెర లోపల, నీళ్ల అడుగున ఉన్నట్టు బొమ్మ కదులుతోంది! వార్తలు చదివే అమ్మాయి పెదాలు కదుపుతోంది. టార్చి పక్కకి జరిపితే మాయం. "బొమ్మ వస్తోందక్కా, వెనక వెలుగు లేదు. లోపల ఎల్‌ఈడీ బల్బుల పట్టీలుంటాయి, ఒక్క బల్బు పోయినా లైను మొత్తం ఆరిపోతుంది. బ్యాక్‌లైట్ అంటారు. బోర్డులు బాగానే ఉన్నాయి."

తర్వాత మీటరు తీసి ప్లగ్గులో పెట్టి వోల్టేజ్ చూశాడు. 226. టీవీ వెనక స్టిక్కరు నాకు చూపించాడు, 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంది. జాబ్ షీట్ మీద పెన్నుతో మెల్లగా రాశాడు: బ్యాక్‌లైట్ ఫెయిల్, తెర మీద దెబ్బల్లేవు, నీరు దిగిన గుర్తుల్లేవు, ఇన్‌పుట్ 226 వోల్టులు, కావలసిన పార్టు డిస్‌ప్లే మాడ్యూల్ (తెర, దాని వెనక వెలుగు కలిపి ఒకే ముక్క), పార్టు కోడు. నాకు ఒక కాపీ ఇచ్చాడు. "ఇది జాగ్రత్తక్కా" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఉద్యోగం చేసుకునేవాడు, అంతకంటే చెప్పలేడు కూడా. ఓటీపీ అడగలేదు, పని అవ్వలేదు కదా అన్నాడు. టీ తాగి వెళ్లాడు.

నేను ఈ 46 రోజుల్లో నేర్చుకున్నది ఇదే. వారంటీ కార్డులో ఎన్ని పేజీలున్నా, చివరికి కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ జాబ్ షీట్ మీద ఇంజనీరు చేతిరాత రెండు లైన్లతోనే. అక్కడ అతను "వోల్టేజ్ ప్రాబ్లమ్" అని ఒక్క ముక్క రాసి ఉంటే నా పని అయిపోయేది. చాలామంది ఆ కాగితం అడగరు, ఇవ్వకపోతే ఊరుకుంటారు. ఊరుకోకండి, ఇవ్వనంటే కనీసం ఫోటో తీసుకోండి, అతను సంచీ సర్దుకునేలోపే.

28న కంపెనీ కాల్ సెంటర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పార్టుకి, పనికి కలిపి 14,200 అవుతుందట, వారంటీ వర్తించదట. రెండు కారణాలు చెప్పారు. ఒకటి, ఇది వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల వచ్చిన డ్యామేజీ. ఎవరు చెప్పారండీ అంటే "సాధారణంగా మీ ఏరియాలో అలా ఉంటుంది మేడమ్" అంది. మీ ఏరియా అంటే ఏ ఏరియా తల్లీ, టీవీ చూసింది పాతపట్నంలో, మీ మనిషే మీటరు పెట్టి రాసింది 226! రెండు, ఏడాది దాటింది కాబట్టి ప్యానెల్‌కి, అంటే తెరకి మాత్రమే వారంటీ, బ్యాక్‌లైట్ ప్యానెల్ కిందకి రాదు.

ఈ రెండో దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆ రాత్రి కార్డు తీసి చదివాను. అక్షరాలు ఆవగింజలంత, మా షాపులో 200 శాతానికి పెంచి కాపీ తీసుకుని చదవాల్సి వచ్చింది. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది, ఆయన ఈ కార్డు చూసి ఉంటే ఏమనేవారో. రెండో పేజీ, కింద నుంచి నాలుగో లైను: అదనపు వారంటీ "ప్యానెల్ / డిస్‌ప్లే మాడ్యూల్"కి వర్తిస్తుంది. మధ్యలో ఒక అడ్డగీత. జాబ్ షీట్ తీసి పక్కన పెట్టాను. కావలసిన పార్టు: డిస్‌ప్లే మాడ్యూల్. ఆ కుర్రాడు పార్టు పేరు, కోడుతో సహా పట్టి పట్టి ఎందుకు రాశాడో అప్పుడు బుర్రకెక్కింది.

30న ఉగాది. పచ్చడి చేశాను, పంచాంగం ఫోన్‌లో విన్నాం. అత్తమ్మ రాశిలో ఖర్చు ఎక్కువని చెప్పాడు పంతులు గారు, ఆవిడ నా వైపు చూశారు.

ఏప్రిల్ 1 ఉత్కళ దినోత్సవం, కోర్టుకి సెలవు, షాపు కూడా కట్టేశాను. అదేదో గీత గీసిన రోజే కూర్చుని కంప్లైంట్ రాశాను. ముందు కంపెనీ ఈ-మెయిల్‌కి, కార్డులో ఆ లైను చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఫోటో, జాబ్ షీట్, వెనక స్టిక్కరు ఫోటో, బిల్లు. తర్వాత 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. పావుగంట పట్టింది, ఓపికగా రాసుకున్నారు, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఒక్కటి తెలుసుకోండి, 1915 వాళ్లు కంపెనీకి ఆర్డరు వేయలేరు. మన ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. కానీ కాల్ సెంటర్ అమ్మాయి దగ్గర ఆగిపోయిన మన మాట ఆ దారిలో కంపెనీలో ఇంకో బల్ల మీద పడుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కార్డు చదివిన వాళ్లై ఉంటారు.

మా షాపుకి రోజూ వచ్చే ప్లీడరు గారు ఒకాయన ఈ కథంతా విని ఇంకో మాట చెప్పారు. చాలామందికి ఉన్న భయం, నాకూ ఉండేది: కొన్నది ఆంధ్రాలో, కేసు వేయాలంటే శ్రీకాకుళం తిరగాలేమో అని. అక్కర్లేదట. 2019లో వచ్చి 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, అంటే నాకు ఇక్కడే, గజపతి జిల్లాలోనే. అయిదు లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు. కష్టం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, ఇప్పుడు ఈ-జాగృతి అని పోర్టల్ ఉంది. కంపెనీకి పిన్ కోడ్ అడ్డం వచ్చింది గానీ చట్టానికి రాలేదన్నమాట. ఈ సంగతి ఒక్క లైనులో కంపెనీకి ఇంకో మెయిల్ పెట్టాను, బెదిరింపుగా కాదు, తెలియజేసుకుంటున్నాను అన్నట్టు.

9వ తేదీన ఫోన్ వచ్చింది. ఈసారి మగగొంతు, నిదానంగా, నా పేరు ముందే తెలుసుకుని మాట్లాడారు. "ప్రత్యేక కేసుగా పరిగణించి, మీ సంతృప్తి కోసం, ఉచితంగా మార్చి ఇస్తాం" అన్నారు. ఎవరైనా థాంక్స్ చెప్పి పెట్టేస్తారు. మా మరిది కూడా పక్కనుంచి చెయ్యి ఊపుతున్నాడు, ఒప్పుకో ఒప్పుకో అని. నాకెందుకో ఒళ్లు మండింది. సార్, ప్రత్యేకం ఎందుకు, కార్డులో ఉన్నదే కదా, వారంటీ కింద మారుస్తున్నట్టే రాసివ్వండి అన్నాను. ఆయన కాసేపు ఆగారు. కీబోర్డు చప్పుడు వినిపించింది. "సరే మేడమ్" అన్నారు. ఇందులో మొండితనం కాస్త ఉందనుకోండి, కానీ ఇవాళ దయతో ఇచ్చినట్టు రాసుకుంటే, రేపు అదే పార్టు మళ్లీ పోతే మళ్లీ దయ అడుక్కోవాలి.

పార్టు రావడానికి మరో రెండు వారాలు పట్టింది. ఏప్రిల్ 24న అదే టెక్కలి కుర్రాడు, ఇంకో మనిషిని వెంటబెట్టుకుని, అట్టపెట్టెతో వచ్చాడు. మంచం మీద దుప్పటి పరిచి, టీవీ బోర్లా పెట్టి, మరలు విప్పి ఒక స్టీలు గ్లాసులో వేశాడు, లెక్కపెట్టి మరీ. గంటన్నర. ఆన్ చేస్తే గదంతా నీలంగా వెలిగింది. పాత పార్టు నంబరు, కొత్త పార్టు నంబరు రెండూ షీట్ మీద రాయించుకున్నాను, అప్పుడు చెప్పాను ఓటీపీ. మళ్లీ దుప్పట్లు, మళ్లీ ఆటో.

మార్కులు వేయమంటే కంపెనీ సర్వీసుకి అయిదుకి ఒకటిన్నర, ఆ అర కూడా ఆ 9వ తేదీ పెద్దమనిషికి. బరంపురం పార్ట్‌నర్‌కి సున్నా. శ్రీకాకుళం షాపుకి నాలుగు, ఒకటి ఎందుకు తగ్గించానంటే అమ్మేటప్పుడు ప్యానెల్ అంటే ఏమిటో వాళ్లూ చెప్పలేదు. టీవీ కొనొచ్చా అంటే కొనుక్కోండి, ఇంకో కంపెనీది కొన్నా ఇంతకంటే తేడా ఉంటుందని నాకు నమ్మకం లేదు. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం కొనేముందు షాపులో కూర్చునే కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టి, మీ ఇంటి పిన్ కోడ్ చెప్పి, ఎక్కడి నుంచి మనిషి వస్తాడో అడగండి. అదొక్కటీ అడిగి ఉంటే నాకు పదమూడు రోజులు మిగిలేవి. బిల్లుకి జిరాక్స్ తీసుకోమని నేను చెప్పను, నాకు ఆ అర్హత పోయింది.

టీవీ వెలిగిన సాయంత్రం కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, మా సేవకి పదికి ఎన్ని ఇస్తారు అని. ఆ కుర్రాడికే అనుకుని పది నొక్కాను. పంపాక చూస్తే పైన కంపెనీ పేరే ఉంది.